మా ఫ్రిజ్ అత్తారింటికి వెళ్ళిన శ్రావణ శుక్రవారం

మా ఇంట్లో పాడైపోయిన వస్తువులకు ఒక గది ఉండేది. నాకు లేదు. ఈ మాట నేను మొదటిసారి పైకి అన్నరోజు మా ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పేపరు మడిచారంటే వ్యవహారం ముదిరిందని అర్థం. మామూలుగా నేనేం చెప్పినా పేపరు అడ్డం పెట్టుకునే "చూద్దాంలే" అంటారు.

తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల వ్యాపారం. ఇల్లు పాతది. వీధి వైపు పొడుగాటి అరుగు, లోపల హాలు, వంటిల్లు, దేవుడి గది, రెండు పడగ్గదులు, మేడ మీద ఒక్కటే గది. ఉండేది ముగ్గురం. మా అత్తగారు, మా ఆయన, నేను. ముగ్గురికి అంత ఇల్లు చాలదా అని మీరు అడగొచ్చు. చాలదు. ఎందుకంటే నేను బట్టలు కుడతాను.

సరదాకి కుట్టడం కాదు. కాపరానికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆపలేదు. మా వీధిలో ఆడపిల్లల పరికిణీలు, పెద్దవాళ్ళ జాకెట్లు, స్కూలు మొదలయ్యే ముందు యూనిఫారాలు, అన్నీ నా చేతిమీదుగా వెళ్ళాల్సిందే. మిషను మెట్ల కింద ఇరుక్కుని ఉంటుంది, దానితో గొడవ లేదు. గొడవంతా కటింగుతోనే. గుడ్డ పరుచుకోవడానికి హాలు నేల తప్ప దిక్కులేదు. నేను కూర్చుని, వంగి, సుద్దతో గీతలు గీసి, కత్తెర చేతిలోకి తీసుకునేసరికి ఎవరో ఒకరు వస్తారు. కొట్టు గుమస్తా తాళాల కోసం వస్తాడు. పక్కింటావిడ కరివేపాకు కోసం వస్తుంది. అందరూ గుడ్డ దాటుకుంటూ వెళ్తారు. దాటేవాళ్ళు నయం. మా ఆయన ఒకసారి పెరట్లో కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎవరిదో పెళ్ళి జాకెట్టు లైనింగు మీద తడికాళ్ళతో నడిచి, "ఇక్కడేదో జారుతోందోయ్, చూసుకో" అని నాకే జాగ్రత్త చెప్పారు. నాకు కోపం ఎక్కువ. ఆ పూట ఆయనకి నేను వడ్డించిన పప్పులో ఉప్పు లేదు, అది మరిచిపోయి జరిగింది కాదు.

ఈమధ్య మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. ఏలూరులో డాక్టరుగారు ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చూసి, ఇకమీదట నేల మీద కూర్చోవద్దన్నారు. అంటే నిలబడి కోసుకోవాలి. నడుమెత్తు బల్ల కావాలి, చీర పరిస్తే వేలాడనంత పొడుగు ఉండాలి. అలాంటి బల్ల పట్టే చోటు మేడ మీద గదే. అది లేకపోతే కుట్టు మానెయ్యాలి. కుట్టు మానేస్తే ఆ ఇంట్లో నేను వంట చేసి వడ్డించే మనిషిని తప్ప ఇంకేమీ కాను. ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక ఆ గదిలో ఏముందో చెప్తాను. ఒంటి తలుపు ఫ్రిజ్, మా వీధిలో మొదటిది. షట్టరు తలుపులున్న టీవీ. రాతి గ్రైండరు. మోటార్లు కాలిపోయిన మిక్సీలు. ఒక తొట్టి తిరిగి రెండో తొట్టి తిరగని వాషింగ్ మెషిను. గడ్డి రాలిపోయిన కూలరు. స్టెబిలైజరు, ఉబ్బిపోయిన ఇన్వర్టరు బ్యాటరీ, గీజరు, టేప్ రికార్డరు, మూలన చెరుకుగడల్లాగా నిలబెట్టిన కాలిపోయిన ట్యూబులైట్లు. ఫ్రిజ్ పనిచేయడం మానేసినా మా అత్తగారు దానికి ఉద్యోగం తీసెయ్యలేదు. అందులో ఏడాదికి సరిపడా చింతపండు పెట్టేవారు, చీమ దూరదని. వాషింగ్ మెషిను నిండా ఉల్లిపాయల గోతాలు. దసరాకి కొట్లో కాటాకి పూజ చేసి, ఆ పళ్ళెంతోనే మేడెక్కి, వీటన్నిటికీ వరసగా గంధం రాసి, బొట్టు పెట్టి, తలా ఒక బంతిపువ్వు ఉంచేవారు. కరెంటు ముఖం చూసి ఎన్నేళ్ళయిందో తెలియని మిక్సీ బంతిపువ్వు పెట్టుకుని కూర్చుని ఉంటే, నాకు ఒళ్ళు మండేది.

"ఆ పాతవన్నీ తీసేద్దామండీ అత్తయ్యగారూ" అని నేను ఎన్నిసార్లు అడిగానో. ఆవిడ అవునూ అనేవారు కాదు, కాదూ అనేవారు కాదు. దేవుడి గదిలోకి వెళ్ళి గంట వాయించేవారు. అది పూజ వేళ కాకపోయినా సరే.

డాక్టరుగారు చెప్పిన తర్వాత నాకు ఓపిక నశించింది. ఆషాఢంలో ఒక పొద్దున ఆవిడ పెరట్లో ఉండగా, వీధిలో వెళ్తున్న పాత ఇనుప సామాన్లవాడిని పిలిచాను. తొందరలో పప్పులో కాలేశాను. అతను మేడెక్కి, ఫ్రిజ్ చుట్టూ తిరిగి చూసి, సంచిలోంచి సుత్తి తీశాడు.

"ఇంత బరువు కిందకి దింపడం ఎందుకండీ? ఇక్కడే పగలగొట్టేసి మోటారు, రాగి పట్టుకుపోతానండి. మిగిలిన డొల్ల మీరు కాలవగట్టున పడేయించుకోండి" అన్నాడు.

ఆ గొంతు పెరట్లోకి ఎలా వినిపించిందో నాకు తెలియదు. ఎనభై దాటిన మా అత్తగారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరు బాబూ నువ్వు? ముందు ఆ సుత్తి సంచిలో పెట్టు" అన్నారు.

అతను పెట్టాడు. నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అతనికి మజ్జిగ ఇచ్చి పంపించారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నేనే కదిపాను. "ఎందుకండీ అంత పట్టుదల? అవి ఇంక పనిచెయ్యవు కదా?"

"పనిచెయ్యవని నాకూ తెలుసమ్మాయ్" అన్నారావిడ. "ఆ గ్రైండరు రాకముందు ఈ ఇంట్లో పదిహేను మందికి పప్పు రుబ్బింది ఎవరనుకున్నావ్? నేనే. జబ్బలు పడిపోయేవి. రాత్రి చెయ్యి పైకెత్తి జుట్టు ముడేసుకోలేకపోయేదాన్ని. గ్రైండరు వచ్చిన వారానికి నా జడ నేను వేసుకున్నాను. దాన్ని ఇప్పుడు సుత్తితో కొట్టిస్తావా?"

ఆవిడ ఆగలేదు. "మా మొదటి రేడియో అలాగే ఇచ్చేశారు మీ మామగారు. ఆ సామాన్లవాడు వీధి గుమ్మంలోనే బద్దలుకొట్టి, తీగ లాక్కుని వెళ్ళిపోయాడు. అదయినా పోనీ. మా పుట్టింటి వైపు మురుగుకాలవ గట్టు మీద ఈ తీగలన్నీ పోగేసి తగలబెట్టేవాళ్ళు, రాగి కోసం. నల్లటి పొగ. గొంతులో దిగితే రెండు రోజులు పోదు. ఆ బూడిద వానకి కాలవలో కొట్టుకుపోయేది. ఆ కాలవ ఎక్కడికి పోతుందనుకున్నావ్? కొల్లేట్లోకే. మనం ఇక్కడ వీధిలో ఏం పారేసినా ఆఖరికి మా ఊరి నీళ్ళల్లోకే."

మా అత్తగారి పుట్టిల్లు కొల్లేరు అంచున. వాళ్ళ నాన్నగారు అక్కడ చిల్లర కొట్టు నడిపేవారు. ఇన్నేళ్ళూ నేను ఆవిడది పిసినారితనమే అనుకున్నాను. ఆవిడ లేస్తూ ఒక్క మాట అడిగారు.

"నీ కుట్టుమిషను పాడైందనుకో. ఎవడో వచ్చి మెట్ల కిందే దాని నడుం విరగ్గొడితే ఊరుకుంటావా?"

ఊరుకోను. అది నాకు బాగా తెలుసు. ఆ రోజునుంచి నా కోపం ఆవిడ మీదినుంచి సుత్తి మీదికి మళ్ళింది. గది మాత్రం నాకు కావాల్సిందే. అందుకని సుత్తి లేని దారి వెతకడం మొదలుపెట్టాను. మునిసిపాలిటీ వాళ్ళని అడిగాను, కరెంటు పనిచేసే అతన్ని అడిగాను, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఆవిడనీ కొలతలు తీస్తూ అడిగాను. చివరికి ఒకావిడ ద్వారానే తెలిసింది, ఏలూరు శివార్లలో పాత కరెంటు సామాన్లు తీసుకుని, పద్ధతిగా విప్పి, దేనికది వేరుచేసి పంపించే షెడ్డు ఒకటి ఉందని. అనుమతులున్నవాళ్ళట. ఫోను చేస్తే ఒక అమ్మాయి మాట్లాడింది. అక్కడ సూపర్‌వైజరునని చెప్పింది. బండి వాళ్ళే పంపిస్తారట.

సంబరంగా వచ్చి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, "చూడకుండా పిల్లనిస్తామా?" అన్నారు.

అలా మేం పెళ్ళిచూపులకి బయల్దేరాం. అద్దె కారు మాట్లాడాను. మా అత్తగారు గద్వాల చీర కట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు. "వాళ్ళు మనల్ని చూస్తారు కదమ్మాయ్, మన ఇంటి పరువు ఏమవ్వాలి?" అన్నారు. పులిహోర కట్టుకున్నాం. మా ఆయన కొట్టు వదిలి రాలేనన్నారు గానీ, కారు దాకా వచ్చి, "కట్నం ఏమైనా అడిగితే వెనక్కి వచ్చెయ్యండి" అని ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మంచి జోకు వేశారు.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఉంగుటూరు దాటేసరికి రెండు వైపులా కొత్తగా నాట్లు ఊడ్చిన చేలు, నిండుగా కాలవ. మా అత్తగారు కిటికీ అద్దం దింపించి, భీమడోలు దాకా తల బయటే పెట్టారు. ఆవిడ మా తాడేపల్లిగూడెం దాటి చాలా కాలమైంది. దారి పొడుగునా ఏ పొలం ఏ శెట్టిగారిదో, ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళిలో లడ్డూలు చాలలేదో చెప్తూనే ఉన్నారు.

షెడ్డు నేననుకున్నంత మురికిగా లేదు. సిమెంటు నేల, పైన రేకులు, గోడ వారన టీవీలు ఒక వరస, ఫ్రిజ్‌లు ఒక వరస. సూపర్‌వైజరమ్మాయి సల్వార్ కమీజు మీద మందపాటి ఏప్రన్ కట్టుకుని ఎదురొచ్చింది. "రండి మామ్మగారూ, కుర్చీ వేయించాను" అంది. మామ్మగారు కూర్చోవడానికి రాలేదు.

"ఫ్రిజ్‌లో గ్యాసు ఉంటుందంటారు. దాన్నేం చేస్తారు?" అని మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి ఒక చిన్న యంత్రం చూపించింది. ఫ్రిజ్ వెనక గొట్టానికి తగిలిస్తే గ్యాసు గాల్లోకి పోకుండా సిలిండర్‌లోకి లాగేస్తుందట. తర్వాత మోటారులోని నూనె డబ్బాలోకి వంపుతారట. పాత టీవీ గాజులో సీసం ఉంటుందట, ట్యూబులైట్లలో పాదరసం ఉంటుందట. అందుకే అవి పగలకూడదట, వాటికి అట్టపెట్టెలు వేరే ఉన్నాయి. బ్యాటరీలకి విడిగా ఒక మూల. ఇక్కడ విప్పలేనివి పెద్ద ఫ్యాక్టరీకి పంపుతారట.

"మరి తీగలో?" అన్నారు మా అత్తగారు. అసలు ప్రశ్న అదేనని నాకు అర్థమైంది.

ఒకతను తీగని రెండు చక్రాల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పాడు. ప్లాస్టిక్కు ఒక పక్కకీ రాగి ఒక పక్కకీ, ములక్కాడ తొక్క తీసినట్టు విడిపోయాయి. నిప్పు లేదు, పొగ లేదు. మా అత్తగారు ఆ రాగి తీగని చేతిలోకి తీసుకుని వాసన చూశారు. అయినా నమ్మకం కుదరలేదు. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, "మీ పెరడు చూడొచ్చా అమ్మా?" అని, జవాబు రాకముందే షెడ్డు వెనక్కి నడిచారు. కాల్చిన మచ్చ ఎక్కడైనా ఉందేమోనని గోడ పొడుగునా వెతికారు. కాలవ ఎటు పోతుందో వంగి చూశారు. అక్కడ బెండ మొక్కలు తప్ప ఏమీ లేవు. కాపలా అతని భార్య వేసిందట. మా అత్తగారు ఒక బెండకాయ కొన విరిచి చూశారు. లేతగా ఉంది.

"పెరడు బాగుంటే ఇల్లు బాగున్నట్టే. సంబంధం ఖాయం చేసుకో అమ్మాయ్" అన్నారు నాతో.

ఆ అమ్మాయి అర్థం కాక నా వైపు చూసింది. నేను చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. పులిహోర అందరం అక్కడే తిన్నాం.

ఇంత దూరం వచ్చాం కదా అని కొల్లేరు వైపు వెళ్ళాం. రోడ్డు గట్టు మీద కారు ఆపించాం. నీళ్ళు నిండుతున్నాయి, గుర్రపుడెక్క పచ్చగా తేలుతోంది, దూరంగా కొంగలు. మా అత్తగారు చెప్పులు విప్పి గట్టు దిగబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. "చిన్నప్పుడు ఈ నీళ్ళే తాగేవాళ్ళం, కుండలో ఇండుపగింజ అరగదీసి, మురికి అడుక్కి దిగాక" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఊరికే నిలబడ్డాం. అత్తాకోడళ్ళం పనేమీ లేకుండా ఒకచోట నిలబడటం నాకు కొత్త. చాలా బాగుంది.

అంతా కుదిరిందనుకుంటే ముహూర్తం దగ్గర చిక్కొచ్చింది. గూడెం వైపు వాళ్ళ బండి వచ్చేది శుక్రవారమట. అది విని నేను ఫోను పట్టుకునే తల కొట్టుకున్నాను. మామూలు శుక్రవారమే మా ఇంట్లోంచి గుప్పెడు ఉప్పు బయటకు పోదు. ఇది శ్రావణ శుక్రవారం. లక్ష్మీదేవి ఇంటికి వచ్చే పూట, ఇన్నేళ్ళు బొట్టు పెట్టి పూజించిన వాటిని గుమ్మం దాటిస్తారా ఎవరైనా?

"పోనీ శనివారం పంపించమ్మా" అని ఆ అమ్మాయిని బతిమాలాను. ఆమె ఒక నిమిషం పక్కకి వెళ్ళి మాట్లాడి వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. "మా బండాయన ఒప్పుకోవట్లేదండీ. శనివారం ఇనుము బండెక్కించనంటున్నారు. ఆ ఒక్కరోజూ ఎప్పుడూ ఎక్కించలేదంట."

శుక్రవారం మా ఇంట్లోంచి కదలదు, శనివారం వాళ్ళ బండిలోకి ఎక్కదు. ఆ తర్వాత రెండు నెలల పైదాకా బండి ఇటు రాదు, ఈలోగా దసరా వస్తుంది. దసరాకి మళ్ళీ గంధం, బొట్టు, బంతిపువ్వు పడ్డాయంటే ఆ ఏడాదికి గది నాకు లేనట్టే. వడ్రంగికి కర్ర కూడా చెప్పేశాను. ఏడుపొచ్చినంత పనైంది. మా ఆయనతో చెప్తే, "చూద్దాంలే" అన్నారు. పేపరు అడ్డం పెట్టుకుని.

చిక్కు విప్పింది మా అత్తగారే. చింతపండు డబ్బాల్లోకి మారుస్తూ, ఎవరితోనో చెప్తున్నట్టు అన్నారు. "గురువారం గుమ్మం దాటిస్తే, గురువారం వెళ్ళినట్టే కదమ్మాయ్? శుక్రవారం అరుగు మీంచి బండెక్కితే మన ఇంట్లోంచి వెళ్ళినట్టు ఎలా అవుతుంది?"

ఆవిడ కోర్టులో నల్లకోటు వేసుకుని ఉంటే ఎంతమంది బతికిపోయేవాళ్ళో. నేను ఆవిడ బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. "ఏంటే ఈ వేషాలు" అన్నారు గానీ బుగ్గ తుడుచుకోలేదు.

గురువారం మధ్యాహ్నం కొట్లో బస్తాలు మోసే ముఠా మనుషులు వచ్చి ఒక్కొక్కటీ కిందకి దింపారు. బ్యాటరీ ఒలకకుండా నిలువుగా పట్టించాం. ట్యూబులైట్లకి నా పాత గుడ్డముక్కలు చుట్టాను. పిల్లలు లోపల దూరి తలుపేసుకుంటే ఊపిరాడదని, మా అత్తగారు ఫ్రిజ్ తలుపుని తాడుతో కట్టించారు. అరుగు మీద వరసగా నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, గ్రైండరు ముందు మాత్రం కాసేపు ఆగారు. దాని రాయి మీద చెయ్యి వేసి, "వెళ్ళిరా" అన్నారు. నేనూ వంగి దాన్ని ఒకసారి తాకాను. ఇన్నేళ్ళు తిట్టుకున్న సామానే.

మేం ఒకటి మరిచిపోయాం. మా వీధిలో వ్యాపారస్తుల ఇంటి సామానంతా అరుగెక్కిందంటే ఊరు ఊరుకోదు. గంటలోపల కొట్టుకి ఫోన్ల మీద ఫోన్లు. ఇల్లు అమ్మేశారా? హైదరాబాదు వెళ్ళిపోతున్నారా? అన్నదమ్ములు పంచుకుంటున్నారా? మా ఆయనకి అన్నదమ్ములే లేరు. తల ప్రాణం తోకకొచ్చి ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చారు. అప్పటికే అరుగు ముందు వీధి సగం పోగైంది. ఎదురింటావిడ కళ్ళొత్తుకుంటూ, "ఒక్క మాట చెప్పలేదేంటండీ వదినగారూ" అని నన్ను పట్టుకుంది. నేను విషయం చెప్పాను. ఆవిడ కళ్ళొత్తుకోవడం మానేసి, "మా ఇంట్లో రెండు మిక్సీలున్నాయి, వాటిని కూడా పట్టుకెళ్తారా?" అంది.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. రేపు శ్రావణ శుక్రవారం కదా, అందరికీ గురువారమే గుమ్మం దాటించాలి. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి వీధి వీధంతా అరుగుల మీద టీవీలు, కూలర్లు, ఇస్త్రీపెట్టెలు, కీబోర్డులు, ఎవరిదో ఒక ట్రెడ్‌మిల్లు. దాని మీద ఎవరూ నడవగా మేం ఎప్పుడూ చూడలేదు, దాని మీద తువ్వాళ్ళు ఆరేసేవాళ్ళు. ప్రతి యంత్రానికీ బొట్టుంది. సన్నగా చినుకులు పడితే తలా ఒక టార్పాలిన్ తెచ్చి అందరి సామాన్లూ అందరూ కప్పారు. అంత సందడి మా వీధిలో వినాయక చవితికి కూడా ఉండదు.

శుక్రవారం పొద్దున బండి వచ్చింది. పూజలైపోయి పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్ళందరూ అరుగుల మీద నిలబడ్డారు. సూపర్‌వైజరమ్మాయి దిగి, వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, "మామ్మగారూ, ఒక్క ఇంటి సామానన్నారు కదండీ" అంది. మా అత్తగారు ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టి, నా చేత కాళ్ళకి పసుపు రాయించి, నానబెట్టిన శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్క ఇప్పించారు. బండాయనకి శనగలు, పూర్ణాలు. ఆయన తింటూ, "ఇలా మర్యాద చేసిన ఇల్లు నేను చూడలేదండీ. ఇంకో ట్రిప్పు వేస్తానండి, సాయంత్రంలోగా. రేపు మాత్రం అడక్కండి" అన్నారు.

బండి మలుపు తిరిగేదాకా మా అత్తగారు అరుగు చివర నిలబడి చూశారు. తర్వాత మా ఆయనతో, "ఏరా, ఆకలేస్తోంది" అన్నారు. ముగ్గురం కూర్చుని కడుపునిండా తిన్నాం.

గది కడిగించి, సున్నం వేయించాం. ఫ్రిజ్ అడ్డం తీస్తే వెనకాల కిటికీ ఒకటి బయటపడింది. అది ఉన్నట్టు మా ఆయనకి కూడా గుర్తులేదు. వడ్రంగి బల్ల గదిలోనే చేశాడు, నా నడుమెత్తు కొలుచుకుని మరీ. ఇన్నాళ్ళూ అందరి కొలతలూ నేను తీశాను, నా కొలత ఒకరు తీయడం తమాషాగా అనిపించింది. కుట్టుమిషను పైకి చేరింది.

మొదటి రోజు నిలబడి ఒక పరికిణీ కోశాను. గుడ్డ ముడతపడకుండా బల్ల మీద సాపుగా పరుచుకుంది. ఎవరూ దాటలేదు. మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. కిటికీలోంచి గాలి వస్తోంది. నాకు పాడాలనిపించింది గానీ నా గొంతు నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

ఇంతలో తలుపు చప్పుడైంది. తలుపు తెరిచే ఉంది. "ఎవరూ? తీసే ఉంది కదా!" అన్నాను, కత్తెర ఆపకుండా. మళ్ళీ తట్టారు, మెల్లగా. మూడోసారి కూడా తట్టేసరికి చిరాకొచ్చి, కత్తెర బల్ల మీద పడేసి వెళ్ళాను.

గుమ్మం బయట మా అత్తగారు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో కాఫీ గ్లాసు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"లోపలికి రావచ్చా అమ్మాయ్?" అన్నారు.

"అదేంటండీ అత్తయ్యగారూ! మీ ఇంట్లో మీరు అడగడమేంటి?"

"ఇల్లు నాదే" అన్నారావిడ, గుమ్మం అవతలే నిలబడి. "గది నీది కదమ్మా."

ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో నా కోసం ఎవరూ తలుపు తట్టలేదు. రండి అనడానికి నాకు కాసేపు పట్టింది. కాఫీ చల్లారిపోతోందని ఆవిడ తొందర పెట్టలేదు. నేను కళ్ళు తుడుచుకుని "రండి" అనేదాకా, అక్కడే నిలబడ్డారు.